“లేవకమ్మా” అన్నది నేనే

మా వదినకు నేనొక మాట బాకీ పడి ఏడాది దాటింది. ఆ మాట చెబుదామని ఎన్నిసార్లు ఎల్లారెడ్డి బస్సెక్కానో, చెప్పకుండానే ఎన్నిసార్లు తిరిగి కామారెడ్డి బస్సెక్కానో నాకే తెలుసు. పోయిన నెల చెప్పేశాను. చెప్పాను కాబట్టే ఇప్పుడు మీకూ రాయగలుగుతున్నాను. ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లున్న ఆడవాళ్లు, అందులోనూ నాలాగ ప్రేమ కాస్త ఎక్కువైన బిడ్డలు, ఓపిక చేసుకుని చదవండి.

మా అమ్మ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. నిజామాబాద్, కామారెడ్డి దిక్కు ఇదేమీ వింత కాదు. ఏ వాడకట్టుకు పోయినా అరుగు మీద ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుని ఉంటారు. చాటలో తునికాకు, తంబాకు, దారం ఉండ, కత్తెర. కట్టకు ఇరవై ఐదు బీడీలు, వెయ్యి బీడీలకు నలభై కట్టలు. అమ్మ లెక్కలన్నీ కట్టల్లోనే ఉండేవి. నేను డిగ్రీ ఫీజు కట్టాలంటే ఇన్ని కట్టలు, అన్న సైకిలుకు ఇన్ని కట్టలు అని చెప్పేది. నేను బీఏ తెలుగు చదివింది ఆ కట్టల మీదనే.

2023 దసరా అయిన వారానికి, ఒక పొద్దున అమ్మ మంచం దిగబోతే ఎడమ కాలు రాలేదు. చెయ్యి లేవలేదు. మూతి కొద్దిగా వంకర తిరిగింది. మాట మాత్రం ఉంది, ముద్దముద్దగా. అన్న కారు మాట్లాడి లింగంపేట మీదుగా కామారెడ్డి తెచ్చేసరికి, అక్కణ్నుంచి హైదరాబాద్ పంపించేసరికి మధ్యాహ్నమైంది. మెదడు నరంలో గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంటుందట, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలట. అమ్మకు రాత్రి నిద్రలో ఎప్పుడు మొదలైందో ఎవరికి తెలుసు? ఆ లెక్క మాకు అందలేదు. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి జారిపోయినా, మాట తడబడినా గడియారం చూసుకుని బయల్దేరండి. మొఖం కడిగి, చాయ్ తాగించి, చుట్టాలకు ఫోన్లు చేసి బయల్దేరొద్దు. ఇంతకంటే ఆ రోజు గురించి రాయలేను.

ఎనిమిది రోజుల తర్వాత అమ్మను ఎల్లారెడ్డి తీసుకుపోయారు. అన్నా వదినలు ఉండేది అక్కడే, అమ్మ ఇల్లే. పెంకుటిల్లు, ముందు పెద్ద వాకిలి, మూలకు వేపచెట్టు.

అవి ఎలక్షన్ల రోజులు. ఆ ఏడాది కామారెడ్డి సీటు కోసం పెద్ద పెద్దోళ్లు పోటీలో ఉన్నారు కదా, మా ఊరు దినాం టీవీలో కనబడేది. డిసెంబర్ 3 లెక్కింపు. మర్నాడు నేను ఎల్లారెడ్డి పోయాను. గల్మ దాటి వాకిట్లోకి పోతే కనబడ్డ దృశ్యం నా కళ్లముందు ఇంకా అట్లనే ఉంది. ఎండలో కుర్చీ వేసి ఉంది. కుర్చీలో అమ్మ. ముందర స్టూలు మీద చాట నిండా అనపకాయ. అమ్మ పని చేయని ఎడమ చెయ్యిని చాట అంచు మీద పెట్టుకుని, దాని కింద కాయను అదిమిపెట్టి, కుడిచేత్తో ఒలుస్తోంది. చెమటలు కారుతున్నాయి. ఒలిచిన గింజలు పెట్టే గిన్నె మాత్రం దూరంగా, కిటికీ గట్టు మీద ఉంది. గుప్పెడు గింజలు కాగానే అమ్మ కుర్చీ చేతిని పట్టుకుని లేవాలి, వదిన ఎడమ పక్కన నిలబడితే నాలుగడుగులు వేసి గిన్నెలో పోసి రావాలి.

నాకు ఒళ్లు మండింది. “మా అమ్మను కూలికి పెట్టుకున్నవా వదినా?” అన్నాను. అన్న ముందే, పక్కింటివాళ్లు వింటుండగనే. వదిన ఏమీ అనలేదు. చాట తీసి లోపల పెట్టింది.

ఆ వారమే అమ్మను కామారెడ్డికి తెచ్చుకున్నాను.

మాది సిరిసిల్ల రోడ్డు వైపు, రెండో అంతస్తులో అద్దె ఇల్లు. అమ్మకు ముందర్రలో మంచం వేశాం. మెత్తటి పరుపు కొన్నాం. మా ఆయన టీవీని అత్తమ్మ మంచానికి ఎదురుగా తిప్పి పెట్టాడు. మంచం మీదికే చాయ్, మంచం మీదికే అన్నం, మంచం మీదనే ఒళ్లు తుడవడం. ఏదైనా అందుకోవడానికి అమ్మ లేవబోతే నేను వంటింట్లోంచి ఉరికొచ్చేదాన్ని. “లేవకమ్మా, పడతవ్! ఏం గావాలె, నేను తెస్త గద!” రోజుకు ఎన్నిసార్లు అన్నానో ఆ మాట. పిల్లలు కూడా నేర్చుకున్నారు. “అమ్మమ్మా లేవకు” అని వాళ్లూ అరిచేవాళ్లు.

ఒక ఫిజియోథెరపీ సారు వచ్చేవాడు. చిన్న పిల్లగాడు. వచ్చీరాగానే అమ్మను నిలబెట్టి ఎడమ కాలి మీద బరువు వేయమనేవాడు. అమ్మ ఏడ్చేది. భయానికో, నొప్పికో. పదిహేను రోజులు చూసి నేనే ఆపేశాను. “కొంచెం బలం పట్టినంక పిలుస్తం సారూ” అన్నాను. “బలం పట్టాలంటేనే నిలబడాలమ్మా, ఆపకండి” అన్నాడు గుమ్మంలో నిలబడి. డబ్బుల కోసం అంటున్నాడనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

బలం కోసం నేను చేయనిది లేదు మరి. పొద్దున తైదల అంబలి, రాత్రి పాలు, మధ్యలో నువ్వుల లడ్డు, క్యాల్షియం గోలీ. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ల పట్టికల ప్రకారం వంద గ్రాముల తైదల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది, అదే తూకం పాలల్లో ఉండేదానికి సుమారు మూడింతలు. పెద్దవాళ్లకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు కావాలని 2020లో చెప్పారు. అవన్నీ చూసి లెక్క కట్టి మరీ పెట్టాను. అమ్మ మొఖం నిండింది, రంగు తేలింది. చూడవచ్చిన చుట్టాలు “బిడ్డ అంటే నువ్వేనే” అన్నారు. వాళ్లు అంటుంటే నా మనసులో వదిన కుర్చీ, చాట కనబడేవి. చూశావా వదినా అనుకునేదాన్ని.

2024 జూలైలో, ఆషాఢం బోనాల హడావుడి ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి పోయాను. పది నిమిషాలు కూడా కాలేదు. కింద చప్పుడైంది. అమ్మ పడింది మంచం పక్కనే. నడుస్తూ పడలేదు, ఎక్కణ్నుంచో దొర్లలేదు. చెంబు అందుకుందామని కాళ్లు కిందికి వేసి లేవబోయిందట, అంతే. ఎడమ పక్కకు ఒరిగింది. మంచం ఎత్తు ఎంత? నా మోకాలంత. ఆ మాత్రానికే ఎడమ తుంటి ఎముక విరిగింది.

ఒక దవాఖానలో ఎక్స్‌రే తీశాక ఎముకల డాక్టరమ్మ ఫిల్మును వెలుగుకు పెట్టి చూపించింది. రెండు తుంటులూ పక్కపక్కన ఉన్నాయి. కుడి వైపు కాస్త తెల్లగా, ఎడమ వైపు పొగ పట్టినట్టుగా పలచగా.

“ఎనిమిది నెలలు మంచం మీదనేనా?” అని అడిగింది.

“అవును మేడం. కాలు కింద పెట్టనియ్యలే. మస్తు మంచిగ చూసుకున్నం” అన్నాను, ఇంకా గొప్పగానే.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కుర్చీ జరిపి కూర్చుని చెప్పింది. ఎముక అంటే ఇంటి దూలం లాంటి మొద్దు వస్తువని అనుకుంటాం, కాదట. అది బతికున్న కణజాలం. పాత ఎముకను తినేసే కణాలుంటాయి, కొత్త ఎముకను కట్టే కణాలుంటాయి, రెండూ రాత్రింబగళ్లు పని చేస్తూనే ఉంటాయి. ఎక్కడ కట్టాలి, ఎంత కట్టాలి అన్నది ఆ ఎముక మీద పడే బరువునుబట్టి, దాన్ని కండరం గుంజేదాన్నిబట్టి తేలుతుంది. జూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ డాక్టరు 1892లోనే ఈ సంగతి పుస్తకం రాశాడు. టెన్నిస్ ఆడేవాళ్లకు బ్యాటు పట్టే చేతి ఎముక రెండో చేతికంటే మందంగా ఉంటుంది. బరువు తెలియని అంతరిక్షంలో ఉన్నవాళ్లకు తుంటి, నడుము ఎముకలు నెలకు ఒక శాతం పైనే కరిగిపోతాయి, అందుకే అక్కడ వాళ్లు రోజూ గంటల తరబడి వ్యాయామం చేస్తారు.

“మీ అమ్మగారిని మీరు ఎనిమిది నెలలు అంతరిక్షంలో పెట్టారన్నమాట” అంది. నవ్వుతూనే అంది.

పక్షవాతంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుందట. పడిపోయిన వైపు కండరం గుంజదు, బరువు పడదు. మొదటి వారాల్లోనే ఎముక పలచబడటం మొదలై మొదటి ఏడాదిలో ఎక్కువగా పోతుంది. కాలికంటే చేతిలో ఎక్కువ పోతుంది. కాలికి ఎప్పుడో ఒకప్పుడు నిలబడే అవసరం వస్తుంది గానీ, పడిపోయిన చెయ్యిని ఎవరూ పనిలో పెట్టరు కదా. నార్వేలో కొందరు రోగులను ఏడాదిపాటు చూసి 2000లో ఒక అధ్యయనం అచ్చు వేశారు. మొదట్లో నడవలేకపోయినవాళ్లకు పడిపోయిన వైపు తుంటి ఎముక పది శాతం దాకా తగ్గితే, మొదటి నుంచీ నడవగలిగినవాళ్లకు మూడు శాతమే తగ్గింది. రెండు నెలల్లోపు మళ్లీ నడక నేర్చుకున్నవాళ్లకు కూడా నష్టం తక్కువే. మనిషి పడేదీ బలం లేని వైపుకే, ఎముక పలచబడేదీ ఆ వైపే. అందుకే పక్షవాతం తర్వాత తుంటి విరిగేవాళ్లలో ఎక్కువమందికి ఆ పక్కనే విరుగుతుంది.

రెండు నెలల్లోపు. నేను వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాను. వదిన వాకిట్లో అమ్మ నాలుగడుగులు వేసింది సరిగ్గా ఆ రెండు నెలల్లోనే. నేను వచ్చి ఆపింది కూడా అప్పుడే.

“మరి క్యాల్షియం, తైదలు, పాలు?” అన్నాను. దానికి ఆమె చెప్పినదాన్ని నా మాటల్లో చెప్తాను. ఇంటి ముందర సిమెంటు బస్తాలు దింపి, మేస్త్రీని మాత్రం పనికి రావద్దని పంపించేశాను నేను. బస్తాలు అవసరమే. కానీ గోడ కట్టేది బస్తాలు కాదు.

మా దిక్కు ఎముకను బొక్క అంటాం. ఆంధ్ర వైపు బొక్క అంటే రంధ్రం. డిగ్రీలో మాండలికాల పాఠం చెప్పేటప్పుడు ఈ ఒక్క మాటకు క్లాసంతా పగలబడి నవ్వింది నాకు గుర్తుంది. పేపర్లలో బోలు ఎముకల వ్యాధి అని రాస్తారే, అది బొక్కల్లో బొక్కలు పడటమే. ఆ రోజు దవాఖాన బెంచీ మీద కూర్చుని ఆ పాఠమే గుర్తుచేసుకున్నాను. నవ్వు రాలేదు.

ఆపరేషన్ చేసి తుంటిలో విరిగిన గుండు తీసేసి లోహపు గుండు పెట్టారు. మర్నాడు పొద్దున్నే ఇద్దరు వచ్చి అమ్మను లేపి నిలబెట్టారు! నేను “అయ్యో అయ్యో” అని అడ్డం పోబోతే మా ఆయన నా భుజం పట్టుకుని ఆపాడు. “ఇగ ఊకో” అన్నాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన మాట నేను అంత తొందరగా విన్నది అప్పుడే.

రక్త పరీక్షలో విటమిన్ డి పదకొండు ఉంది. ఇరవై ఉండాలి కనీసం. మా ఇంట్లో ముందర్రకు ఎండ రాదు, ఎనిమిది నెలలు అమ్మ మీద ఎండ పొడ పడలేదు. ఎండలు మండే మన దేశంలో చాలామందికి ఇది తక్కువేనట. పొద్దుటి లేత ఎండ మంచిదని మనం అనుకుంటాం, హాయిగా ఉంటుంది నిజమే, కానీ విటమిన్ తయారుచేసే కిరణాలు పొద్దెక్కాక, పది దాటాకనే ఎక్కువగా ఉంటాయి. వారానికొకటి వేసుకునే పొడి రాసిచ్చారు. (వారానికి ఒకటి. మా పక్కింటామె రోజుకొకటి వేసుకుందట, అట్ల చేయకండి.) ఎముకల సాంద్రత పరీక్ష కూడా చేశారు. ఆ స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ ఉంటే బోలు వ్యాధి అంటారు. మంచి కాలు, మంచి కాలు అని మేం అనుకున్న కుడి తుంటిదే మైనస్ 2.7 వచ్చింది. మంచం మంచి కాలునూ వదల్లేదు. అమ్మకు పీరియడ్స్ ఆగిపోయి ఎన్నో ఏళ్లయింది, ఆ కరుగుడు ముందునుంచీ ఉండే ఉంటుంది. ఆడవాళ్లకు అవి ఆగిన మొదటి అయిదారేళ్లలోనే ఎముక గట్టిగా తగ్గుతుందని అప్పుడే తెలిసింది. నాకు నలభై ఆరు. ఆ కాగితం చూస్తూ నా మోకాళ్లను ఒకసారి తడుముకున్నాను.

అమ్మ మంచం మీద పడుకునే “నన్ను ఎల్లారెడ్డి తోలియ్యి బిడ్డా” అంది. ఎందుకని అడగలేదు నేను. సెప్టెంబర్‌లో తీసుకుపోయాం. బస్సులో కుదరదు కాబట్టి కారులో. లింగంపేట రాగానే అమ్మ కిటికీలోంచి చూసింది. అది అమ్మ పుట్టిన ఊరు. “నాగన్న బాయి మెట్లు ఉరికి దిగి ఉరికి ఎక్కేటోళ్లం, మా అవ్వ కట్టె పట్టుకోని ఎంటబడేది” అంది. ఆ మెట్లబావిని ఈమధ్య బాగుచేశారు, చూడటానికి జనం వస్తున్నారు. చిన్నప్పుడు ఎక్కిన ఆ మెట్లు అమ్మ ఎముకల్లో ఎంత కట్టి ఉంటాయో అనిపించింది. తర్వాత నలభై ఏళ్లు కూర్చుని బీడీలు చుట్టడంలో ఎంత తగ్గి ఉంటుందో కూడా.

వదిన గల్మలో నిలబడి ఉంది. దిష్టి తీసి లోపలికి తీసుకుపోయింది. నన్ను చూసి “చాయ్ తాగుతవా?” అంది, అంతే.

ఎల్లారెడ్డిలో కొత్త ఫిజియో సారు దొరికాడు, వారానికి రెండు రోజులు వస్తాడు. మిగతా రోజుల్లో వదినే. ఆయన చెప్పినవి, నేను కూర్చుని చూసి నేర్చుకున్నవి చెప్తాను. మీ ఇంట్లో చేయించే ముందు మీ డాక్టరును అడగండి, బీపీ ఎట్లుందో, గుండె ఎట్లుందో చూసి చెప్తారు.

పెద్ద పని కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. ఇంత చిన్న పనిలో ఏముందనుకున్నాను. కుర్చీ గట్టిది కావాలి, చేతులున్నది కావాలి, గోడకు ఆనించి ఉండాలి. లేచేటప్పుడు మనిషి తెలియకుండానే బరువంతా మంచి కాలి మీద వేస్తుంది. అందుకని పడిపోయిన కాలి పాదాన్ని రవ్వంత వెనక్కి, మంచి పాదాన్ని రవ్వంత ముందుకు పెట్టిస్తారు. అప్పుడు ఆ కాలు తప్పించుకోలేదు. సాయం పట్టేవాళ్లు బలంలేని వైపు నిలబడాలి, నడుము దగ్గర పట్టుకోవాలి. పడిపోయిన చెయ్యి పట్టి పైకి గుంజకూడదు, భుజం కీలు జారుతుంది. నేను ఎనిమిది నెలలూ అట్లనే గుంజాను. అమ్మ భుజం నొప్పి అన్నప్పుడల్లా జండూబామ్ రాశాను.

చేతికి వేరే పని. మంచం అంచున కూర్చోబెట్టి, ఎడమ అరచెయ్యిని పక్కన పరుపు మీద పరిచి, మోచెయ్యి వంగకుండా మనం ఆనిపెట్టి, ఆ చెయ్యి మీదికి మెల్లగా ఒరగమంటారు. చెయ్యి దాని అంతట అది లేవకపోయినా బరువు మోయగలదు. బరువు పడితే ఎముకకు కబురు అందుతుంది. వదిన అనపకాయలు ఒలిపించినప్పుడు అమ్మ ఆ చెయ్యిని చాట అంచు మీద ఆనించి కాయను అదిమింది చూడండి, ఇది దాదాపు అదే.

తర్వాత కిటికీ చువ్వలు పట్టుకుని మడమలు లేపడం, నాలుగు కాళ్ల కట్టెతో వాకిట్లో ఆ చివరి దాకా నడక. ఒక్కసారే అరగంట నడవాలని లేదు, పది పది నిమిషాలుగా చేసినా చాలు. ఇవి కాక రాత్రి స్నానాలగది దారిలో చిన్న లైటు, వెనక పట్టీ ఉన్న చెప్పులు, నేల మీద గోనెపట్టాలు తీసేయడం, కుర్చీ లాంటి లెట్రిన్. పడకుండా చూసుకోవడమంటే ఇవి. లేవకుండా చూసుకోవడమని నేను అనుకున్నాను.

అమ్మకు లెక్క తప్పేది. పన్నెండో పదమూడో మరిచిపోయి వదినతో కొట్లాడేది. అందుకని వదిన రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాన్లో ఇరవై ఐదు చింతగింజలు. లేచి కూర్చున్నప్పుడల్లా ఒక గింజ తీసి రెండో గిన్నెలో వేయాలి. ఇరవై ఐదు అయితే ఒక కట్ట. మొదటి నెలంతా కట్ట కాలేదు. ఆరు, ఏడు, ఒక రోజు తొమ్మిది. జ్వరం వచ్చిన వారం మళ్లీ మూడుకు పడిపోయింది. ఇంత చేసినా పోయిన ఎముక అంతా తిరిగొస్తుందని ఎవరూ మాకు మాట ఇవ్వలేదు. ఉన్నది నిలబడుతుంది, కాళ్లకు పట్టు వస్తుంది, పడటం తగ్గుతుంది, అంతే చెప్పారు. ఎముకల మందు కూడా నడుస్తోంది, ఏడాదికొకసారి ఇచ్చే ఇంజెక్షన్.

పోయిన నెల సద్దుల బతుకమ్మకు పోయాను. వదిన, అమ్మ వాకిట్లో పూలు ముందర వేసుకుని కూర్చున్నారు. అమ్మ ఎడమ చేతి కింద గునుగు కట్టను అదిమిపెట్టుకుని కుడిచేత్తో చివర్లు తుంచుతోంది. వదిన తంగేడు పేరుస్తోంది. అన్న ఇంట్లో లేడు.

“వదినా, అప్పుడు నిన్ను అనరాని మాట అన్న” అన్నాను.

నేనేమనుకున్నానంటే, ఏ మాట, నాకు యాదికి లేదు అంటుందని. సినిమాల్లో అట్లనే అంటారు కదా.

“కూలికి పెట్టుకున్నవా అన్నవ్” అంది, తల ఎత్తకుండా. “మర్సిపోతనా? పక్కింటోళ్లు సుత విన్నరు. రెండు నెల్లు ఆళ్ల మొఖం సూడలే నేను.”

“తప్పయింది వదినా. నువ్వు చేసిందే రైటు. డాక్టర్లు సుత అదే చెప్పిన్రు.”

వదిన కాసేపు పూలు పేర్చింది. “నాకేం తెల్సు సెల్లె బొక్కల సంగతి? నేను అందుకోసం పెట్టలే. నలభై ఏండ్లు చేతులు ఆడించిన మనిషి ఊకె కూసుంటె పిస్స లేస్తదని పెట్టిన. ఇంకో మాట చెప్తున్న, ఏమనుకోకు. నువ్వు తోల్కపోయిన ఎనిమిది నెల్లు నా పానం నిమ్మలమైంది. లేపుడు, కూసోబెట్టుడు, కడుగుడు, నా నడుము పోయింది. నువ్వు కొట్లాడి తీస్కపోతె పొద్దంత ఏడ్సిన, రాత్రి మంచిగ పండుకున్న.”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఎనిమిది నెలలు చూసినందుకే నా నడుమూ పోయింది, నాకు తెలుసు. ఇప్పుడు నెలకు పది రోజులు నేను పోయి ఉంటున్నాను, ఆ పది రోజులు వదిన వాళ్ల అమ్మగారింటికి పోతుంది. ఇది ముందే చేసి ఉండాల్సింది. చూసుకునేవాళ్ల ఎముకల గురించి ఏ డాక్టరూ మమ్మల్ని అడగలేదు, మేం కూడా అడుక్కోలేదు. వదినకు నలభై తొమ్మిది. వచ్చే నెల ఇద్దరం కలిసి ఆ సాంద్రత పరీక్ష చేయించుకుందామని అనుకున్నాం.

అక్టోబర్ 20 ప్రపంచ బోలు ఎముకల దినమట, 29 పక్షవాతం దినమట. రెండింటికీ మధ్య తొమ్మిది రోజులే. ఆ రెండు సంగతులూ పక్కపక్కనే ఉంటాయని మాకు మొదట్లో చెప్పినవాళ్లు లేరు. పక్షవాతంతో ఇంటికి పంపేటప్పుడు బీపీ గోలీలు, రక్తం పలచబడే గోలీలు గట్టిగా చెప్తారు, అవి తప్పకూడదు. ఎముకల మాట మీరే అడగండి.

నిన్న మాపటికి ఫోన్ చేస్తే వదిన ఎత్తి అమ్మ చెవి దగ్గర పెట్టింది. మాట ఇప్పుడు మునుపటికంటే తేటగా ఉంది. అన్నం తిన్నవా, గోలీలు వేసుకున్నవా అని నేను అడుగుతుంటే అమ్మ మధ్యలోనే ఆపింది.

“అవన్ని అయినయి తియ్యి. ఇయ్యాల ఇరవై మూడు లేచిన. కట్టకు రెండు తక్వ. ఫోన్ పెట్టు, చీకటి పడకముందు అవి గూడ చేసేస్త.”